వలలో నిలబడి చెప్పిన మాట

నసావు,
చలిగాలులు మొదలైన వారం.

అమ్మకి,

నీ రెండు చేతులూ ముక్కుకి ఆనించుకుని నీ పెద్దకూతురు ఉలామిలా రాస్తున్నది. ఇక్కడ నీ అల్లుడు ఇలైతియా బాగున్నాడు, పిల్లలు బాగున్నారు, మా అత్త మకెరెతా బాగుంది, ఆవిడ నోరు ఇంకా బాగుంది. దొడ్లో పందులు కూడా దేవుడి దయవల్ల క్షేమం. నేనే బాగాలేను. అది నీకు తెలుసు. తెలిసి కూడా కిందటి ఉత్తరం "మీరందరూ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టావు. ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. నువ్వు తలిస్తే నేను క్షేమం అయిపోతానా?

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. మీ దీవిలో సిగ్నలు దొరికేది బడి వెనక గుట్టమీద ఒక్కచోట. నువ్వక్కడ నిలబడి మాట్లాడుతుంటే నీ వెనక వంతుకోసం సగం ఊరు నిలబడి చెవులు రిక్కిస్తుంది. గర్భసంచి సంగతులు ఆ గుట్టమీద మాట్లాడుకోలేం. అందుకే కాగితం.

సంగతి మళ్ళీ మొదటినుంచీ చెబుతాను, కళ్ళు తప్పించకుండా చదువు. నెలసరికీ నెలసరికీ మధ్య మచ్చ కనబడుతోందని నీకు రాశాను గదా. చాపలు అమ్ముకొస్తానని ఇంట్లో చెప్పి సూవా పెద్దాసుపత్రికి వెళ్ళాను. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు ఉందని, అది చెడ్డ జాతిదని, ఇంకా పక్కలకి పాకలేదని డాక్టరమ్మ చెప్పింది. గర్భసంచి తీసేస్తే బతుకుతావంది. ఆలస్యం చేస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరంది. నువ్వేమో కత్తి పెట్టించుకోకు, పడవెక్కి నా దగ్గరికి వచ్చెయ్యి, ఈ చలికాలమంతా మర్దనా చేసి లోపల జారినదాన్ని పైకెత్తుతాను, ఈలోగా మొగుడికి కూడా చెప్పకు అని రాశావు. ఆ రెండింట్లో నేను ఏది చేశానో చెబుతాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాయాలి, లేకపోతే తల్లినని లెక్కచెయ్యలేదని ఏడుస్తావు.

చలికాలం వలకి దిగేముందు నడుముకీ తొడలకీ కొబ్బరినూనె పట్టిస్తున్నావా అన్నావు. పట్టిస్తున్నాను. నువ్వు నేర్పినట్టే ఎండలో పెట్టి, గోరువెచ్చగా చేసి మరీ రాస్తున్నాను. దాంతో చలి ఆగుతుందంటే నర్సు వసితి నవ్వుతుంది. నవ్వుకోమన్నాను. అయితే నువ్వు నేర్పనిది కూడా ఒకటి మొదలుపెట్టాను. ఒడ్డుకి రాగానే నడుముకి చుట్టిన తడి సులూ విప్పేసి పొడిది కట్టుకుంటాను. మనమంతా ఏం చేసేవాళ్ళం? తడిగుడ్డతోనే ఇసకలో కూర్చుని చేపలు తోమి, తడిగుడ్డతోనే కట్టెలు ఏరుకుని, ఇంటికెళ్ళి పొయ్యి ముందు అది ఒంటిమీదే ఆరిందాకా ఉండేవాళ్ళం. ఆ తర్వాత దురదలు, మంటలు, ఎవరికీ చెప్పుకోలేని అవస్థ. నేను పొడిబట్ట సంచిలో పెట్టి మడచెట్టు కొమ్మకి తగిలిస్తుంటే మా అత్త "రాణీగారి పెట్టె వచ్చింది, దారివ్వండే" అని వేళాకోళం చేసేది. ఇప్పుడు ఆ కొమ్మకి వేలాడే సంచుల్లో ఎర్రది ఆవిడదే.

పొట్టకి గుడ్డ బిగించి కడుతున్నావా అన్నావు. కట్టడంలేదు, ఇక కట్టను. ఊపిరాడదు. నిమ్మాకు టీ మాత్రం రెండుపూటలా తాగుతున్నాను. పంచదార మానేశాను. మొదట గడ్డి నీళ్ళు తాగినట్టుండేది, ఇప్పుడు పంచదార వేస్తేనే నోరు పాడైనట్టుంటోంది.

ఎండలూ వానలూ కలిసి వచ్చే నెలల్లో ఆడదాని ఒళ్ళు పలచబడుతుంది, చేమాకు మానకు అన్నావు. మానలేదు. కొబ్బరిపాలల్లో చేమాకు, లేకపోతే బేలె ఆకు, సీమపనస కాసినన్నాళ్ళూ సీమపనస. కొట్లో దొరికే నూడుల్సు పొట్లాలు మా ఇంటి గుమ్మం దాటకుండా చేశాను, పిల్లలు నామీద కత్తి కట్టారు. కానీ అమ్మా, ఏం తింటున్నానన్నది కాదు, ఎప్పుడు తింటున్నానన్నది పెద్ద రభస అయింది. నువ్వు విన్నదే నిజం. చాప పై చివర మగవాళ్ళు తిని, వాళ్ళు యంగోనా వేళ్ళ రసం తాగే గిన్నె దగ్గరికి జరిగాక, అప్పటిదాకా తలుపు దగ్గర కూర్చుని ఈగలు తోలిన మనం చల్లారిపోయిన తలకాయలూ తోకలూ ఏరుకుని తినాలి. నువ్వలాగే తిన్నావు, మీ అమ్మా అలాగే తింది. నా రక్తం నీళ్ళలా ఉందని నర్సు చెప్పిన రోజునుంచీ నేను అలా తినడంలేదు. పాస్టరుగారు మా ఇంటికి భోజనానికి వచ్చిన ఆదివారమే చేప మధ్యముక్క నా పళ్ళెంలో వేసుకుని, అదే చాపమీద కూర్చుని, పొగలు కక్కుతుండగా తిన్నాను. మా అత్త దగ్గింది. నీ అల్లుడు తన పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. పాస్టరుగారు ప్రార్థన కొంచెం పొడుగ్గా చేశారు. ఇల్లు కూలిపోలేదు. ఆ రోజునుంచీ నాకు ముక్క తీసి పక్కన పెడుతున్నది ఎవరనుకున్నావు, నీ అల్లుడే.

తెల్లవారగానే ఆడవాళ్ళని వెంటేసుకుని, మొగుడి పాత నిక్కరు తొడుక్కుని, చేతులు ఊపుకుంటూ రోడ్డుమీద నడుస్తున్నావటగా అని రాశావు. ఈ వార్త దీవిదాకా మోసిన పుణ్యాత్మురాలు ఎవరో నాకు తెలుసు. తను కూడా మొన్నటినుంచీ మా వెనకే నడుస్తోంది. అసలీ నడక మా అత్తకోసం, ఆవిడకి చక్కెర జబ్బు. కాలి వేలు ఒకటి నల్లబడితే తెలిసింది. వేలు దక్కింది కానీ ఆవిడ నడవాలన్నారు. ఒక్కతే నడిస్తే ఊరు నవ్వుతుంది, అందరం నడిస్తే ఎవరు నవ్వుతారు? నిక్కరు మీద సులూ చుట్టుకునే ఊరు దాటతాం, రోడ్డెక్కాక విప్పి భుజాన వేసుకుంటాం. ఈత నేర్చుకునే పిల్లల్లా చేతులు ఆడిస్తాం. చలికాలం ఎండ వచ్చాక, వానల్లో వాన రాకముందు. పాస్టరుగారు ఒక ఆదివారం స్త్రీకి తగిన వస్త్రధారణ గురించి చెప్పారు. అందరం చక్కగా విన్నాం. సోమవారం నడిచాం.

తుఫాను నెలలకి ఏం దాచావని అడిగావు. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అందరూ దాచేవే. మేం ఇంకోటి దాచాం. కిందటి పెద్ద తుఫానుకి చర్చిలో అందరం తలదాచుకున్నాం చూడు, అప్పుడు సాయం పడవలో డబ్బా చేపలొచ్చాయి, గోధుమపిండి వచ్చింది, ఆడవాళ్ళకి ఒక్క పొడి గుడ్డ రాలేదు. నెలసరి వచ్చిన పిల్లలు చర్చి కర్టెన్లు చించుకున్నారు, తర్వాత ఆ కర్టెన్లు ఏమయ్యాయని విచారణ కూడా జరిగింది. ఈసారి మూత గట్టిగా పట్టే బకెట్లలో ఉతికి ఆరేసిన గుడ్డలు, సబ్బు, లోపలి బట్టలు పెట్టి చర్చి అటకమీదకి ఎక్కించాం. మూతమీద ఏం రాయాలని పాస్టరుగారు అడిగారు. ఉన్నదే రాయమని చెప్పింది మా అత్త. ఆయన రాయలేకపోయారు, ఆవిడే రాసింది.

ఇదంతా చదివి నువ్వు, సరే, తిండీ నడకా బాగానే ఉన్నాయి, మరి అసలు సంగతి అంటావు. వస్తున్నాను.

నేను సూవా నుంచి వచ్చాక నోరు మూసుకునే ఉన్నాను, నీ మాట మీద. లోపల భయం. గిన్నెలు తోముతూ ఏడిచేదాన్ని, పొగ అనేదాన్ని. అటువంటి రోజుల్లోనే మా వలలు ఖాళీగా రావడం మొదలైంది. పోటు తగ్గే వేళ నడుం లోతు నీళ్ళలో వల అర్ధచంద్రంలా పట్టుకుని నిలబడతాం, కొందరు నీళ్ళు కొడుతూ చేపల్ని తోలుకొస్తారు. వల దగ్గరికి లాగితే నాచు, ఎండుకొమ్మలు, రెండు పీతలు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఊళ్ళో అందరం డబ్బా చేపలు తింటున్నాం.

మూడోనాడు మా అత్త వల వదిలేసి నడుంమీద చేతులు పెట్టుకుంది. నువ్వూ నా చిన్నప్పుడు ఇలాగే నిలబడేదానివి, నాకు గుర్తుంది. కడుపుతో ఉన్న సంగతి బయటపెట్టకుండా ఎవరైనా వలలో నిలబడితే చేప దరికి రాదని మీ నమ్మకం. ఇక్కడ మా అత్తకి అది బైబిలు తర్వాత బైబిలు.

"ఎవరో దాచుకుని నా వలలో నిలబడ్డారు. ఎవరో చెప్పండి, లేకపోతే ఇవాళ ఒక్కరూ ఒడ్డెక్కరు" అంది.

అందరి కళ్ళూ కెలెరా మీదికే పోయాయి. నీ అల్లుడి తమ్ముడి కూతురు, పెళ్ళికాని పిల్ల. అంతకు ముందురోజు వాంతి చేసుకుంది, డబ్బా చేప పడక. బస్సులో ఒక కుర్రాడితో నవ్వుతూ మాట్లాడిందని అప్పటికే ఊళ్ళో గుసగుస. దాని తండ్రి చెయ్యి ఎంత దురుసో నీకు తెలుసు. పిల్ల పెదవులు చలికి నీలంగా ఉన్నాయి. నేను కాదు నానమ్మా, నేను కాదు అంటోంది, ఆ గొంతు ఎవరికీ వినబడడంలేదు. ఇంకో క్షణం ఆగితే ఆ పిల్ల బతుకు ఊళ్ళో పాడైపోయేది.

నాకు నీ మాట గుర్తుంది అమ్మా. ఎవరికీ చెప్పకు అన్నావు. గుర్తుండే చెప్పాను.

"దాన్నొదిలెయ్యండి అత్తా. దాస్తున్నది నేను. నా కడుపులో ఉన్నది బిడ్డ కాదు."

నీళ్ళు కొట్టేవాళ్ళు కూడా ఆగిపోయారు. మా అత్త నా దగ్గరికి నడిచొచ్చి, నా మొహంలోకి చూసి, ఎప్పటినుంచి అని అడిగింది. మామిడికాయల కాలం నుంచి అన్నాను.

"మామిడికాయల కాలం నుంచి నా పక్కనే నిలబడి వల పట్టావు. నా కాలి వేలు కడిగావు. నాకు చెప్పాలనిపించలేదా?"

అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చింది, తన పొడి సులూ నాకు చుట్టింది. అందరూ చుట్టూ కూర్చున్నారు. మచ్చ దగ్గరనుంచీ డాక్టరమ్మ మాట దాకా అంతా చెప్పేశాను. ఏడవకుండానే చెప్పాను. కెలెరా నా భుజాన్ని పట్టుకుని వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి నీ అల్లుడికి తెలిసిపోయింది. ట్రక్కు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు, బయటికి రాలేదు. కింద నుంచే అన్నాడు, మొగుడికి చెప్పకుండా సముద్రానికి చెప్పావా అని. మా అమ్మ చెప్పొద్దంది అని చెప్పడానికి సిగ్గేసింది. ఈ వయసులో కూడా అమ్మ చెప్పొద్దంటే మూసుకుని కూర్చున్నానా అని. నేను కూడా ఆ ట్రక్కు కింద దూరి అతని పక్కన పడుకున్నాను. అక్కడే ఇద్దరం ఏడ్చాం. మొహానికి ఆయిలు అంటుకుంది, పిల్లలు చూసి నవ్వారు.

చేపలు పడ్డాయా అని అడుగుతావు, అడక్కుండా ఉండలేవు. పడలేదు. నేను నిజం చెప్పేశాక కూడా వల ఖాళీగానే వచ్చింది. ఇంకెవరైనా అయితే తన నమ్మకం తప్పేమో అనుకునేవాళ్ళు. మా అత్త అనుకోలేదు. అయితే ఇంకా ఎవరో ఏదో దాస్తున్నారంది. ఉలామిలా లోపల పుండు ఉందని ఉలామిలాకే చాన్నాళ్ళు తెలీదు, మీ లోపల ఏముందో మీకేం తెలుసు, అందరూ నర్సు దగ్గరికి వెళ్ళి చూపించుకొచ్చేదాకా ఈ వల నీళ్ళలో దిగదు అని వల చుట్టేసి ఇంట్లో పెట్టి తలుపు మూసింది. నర్సు వసితి ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి, బొమ్మలు చూపించి, రండమ్మా పరీక్ష చేయించుకోండమ్మా అని బతిమాలితే ముఖాలు తిప్పుకున్న ఆడవాళ్ళు, వల కోసం ఒప్పుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

వెళ్ళాల్సిన రోజున పాస్టరుగారు అడ్డం వచ్చారు. పై ఊళ్ళనుంచి పెద్దలు వస్తున్నారట, ఆడవాళ్ళంతా చర్చి నేల కడగాలట. మా అత్త ట్రక్కు మీదనుంచే జవాబిచ్చింది.

"చర్చి నేల రేపు కూడా ఉంటుంది పాస్టరుగారూ. ఈ ఆడవాళ్ళు ఉంటారో లేదో ముందు చూసుకోనీండి."

పాస్టరుగారి భార్య లితియానా ఆయన పక్కనే చీపురుతో నిలబడి ఉంది. చీపురు ఆయన చేతికిచ్చి ట్రక్కెక్కింది. నీ అల్లుడు ట్రక్కు నడిపాడు, గుంటలున్నచోట ఎంత మెల్లగా పోనిచ్చాడో, గుడ్లు మోస్తున్నట్టు. వెనక మేమంతా పాటలు. మొదటిసారి పరీక్ష బల్లమీద పడుకున్నప్పుడు ఎంత సిగ్గుపడ్డారో ఇప్పుడు అంత గొప్పలు చెప్పుకుంటున్నారు ఒక్కొక్కళ్ళు. ఎక్కువమందికి ఏమీ లేదు. ఒకావిడకి మళ్ళీ రమ్మన్నారు. ఇక లితియానా, ఈ వయసులో నెలసరి ఆగిపోయింది, ముసలిదాన్నయిపోయాను అనుకుంటున్న మనిషి, కడుపుతో ఉందని తేలింది. పెద్దకొడుక్కి మీసాలొచ్చాయి, ఇప్పుడిది. ఎవరూ దాచలేదు, పాపం తనకే తెలీదు.

ఇంక మా అత్తని పట్టలేకపోతున్నాం. చూశారా నేను చెప్పలేదా అని కనిపించినవాడికల్లా చెబుతోంది. ఆ వారమే చేపలు కూడా విరగబడ్డాయి. గాలి తిరిగింది కాబట్టి పడ్డాయని నేనంటాను, ఆవిడ నావైపు జాలిగా చూస్తుంది. పాస్టరుగారు మాత్రం నిక్కర్ల ఊసు ఎత్తడం మానేశారు, లితియానాని నడవమని నర్సు చెప్పింది మరి.

ఇప్పుడు నీకు కోపం తెప్పించే మాట. ఇందాక ఒడ్డున అంతా చెప్పేశానన్నాను. తితిలియా పిన్ని సంగతి కూడా చెప్పేశాను.

అవును. నువ్వు నాచేత చర్చిలో ప్రమాణం చేయించిన సంగతే. నీ చెల్లెలికి ఎవరో చేతబడి చేశారని దీవంతా ఇవాళ్టికీ అనుకుంటుంది, మీరూ అనుకోనిచ్చారు. ఆ పేరుతో ఒక కుటుంబం ఊరొదిలి పోయింది కూడా. నిజం నీకూ నాకూ తెలుసు. పిన్నికి కూడా నాలాగే మచ్చ, నాలాగే నడుంనొప్పి. చివర్లో ఆ గదిలోకి ఎవరూ రాలేని వాసన. నేను చిన్నపిల్లని, నీళ్ళ కుండ మోసుకుని లోపలికి వచ్చేదాన్ని. పిన్ని నోట్లో గుడ్డ కుక్కుకునేది, అరుపు పక్కింటికి వినబడకూడదని. ఆడదాని లోపలి జబ్బు బయటికి తెలిస్తే చెల్లెళ్ళకి, కూతుళ్ళకి పెళ్ళిళ్ళు కావన్నారు. పిన్ని ఆ గుడ్డతోనే పోయింది.

నేను అది చెప్పాను, పేరు పెట్టి చెప్పాను. ప్రమాణం తప్పాను. దేవుడి దగ్గర నేను సమాధానం చెప్పుకుంటాను, నువ్వు మధ్యలోకి రాకు. మళ్ళీ అదే ఒడ్డున కూర్చోబెడితే మళ్ళీ చెబుతాను, ఇంకా గట్టిగా చెబుతాను. నీ మర్దనా వల్ల పిన్ని పోయిందని మాత్రం నేను అనలేదు, ఎవర్నీ అననివ్వలేదు. నీకు తెలిసిందంతా చేశావు. నీ చేతులకి తగలని చోట ఉంది ఆ జబ్బు. అప్పుడు నర్సు లేదు, పడవ ఎప్పుడొచ్చేదో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఉన్నాయి. ఉండి కూడా నేను నోట్లో గుడ్డ కుక్కుకోవాలా?

కుక్కుకోను. ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. రోజు కూడా ఇచ్చారు. నీ అల్లుడు తీసుకెళ్తాడు, కెలెరా నా దగ్గర ఉంటుంది. భయంగా ఉందా అంటే, ఉంది, ఒళ్ళంతా ఉంది. అయినా వెళ్తున్నాను. గర్భసంచి లేని ఆడది ఆడదే కాదని రాశావు. నలుగురు పిల్లల్ని కన్నాను, వల లాగుతాను, చేప మధ్యముక్క తింటాను. నేనేమిటో నాకు తెలుసు.

నీ ఉత్తరంలో ఒక్క ప్రశ్నకి ఇంకా జవాబు రాయలేదు. చివర, సంతకం కింద, వేరే పెన్నుతో రాశావు. నడుంనొప్పి ముందొచ్చిందా, మచ్చ ముందా? మచ్చ కనబడ్డాక నీరసం ఎన్నాళ్ళకి వచ్చింది? రాత్రిపూట ఎక్కువవుతుందా? అని. మొదటిసారి చదివి, మర్దనాకోసం అడుగుతోంది అనుకున్నాను. పొయ్యి దగ్గర రెండోసారి చదివాను. అప్పుడు అర్థమైంది. పుట్టినప్పటినుంచీ నువ్వు ఒళ్ళు పట్టే ఆడవాళ్ళని ప్రశ్నలడగడం చూశాను. నొప్పి ఎక్కడో చూపించు అంటావు, ఇలా ఎప్పుడూ అడగలేదు. అది తన ఒంట్లో పెట్టుకున్న మనిషి అడిగే ప్రశ్న. నీకు నెలసరి ఆగి ఏళ్ళయింది. మళ్ళీ మచ్చ కనబడుతోంది, అవునా? చలికాలమంతా రమ్మన్నది నాకోసమేనా, నీకు భయమేసి పిలిచావా?

నువ్వు కాదంటావు. అనుకో. ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషి ఎవరో చూశావుగా. మా అత్తే. జీవితంలో పడవెక్కని మనిషి, వాంతులు చేసుకుంటూ వచ్చి ఉంటుంది. నువ్వు చదవడం పూర్తయ్యేదాకా నోరు విప్పొద్దని నేను ఒట్టు వేయించుకున్నాను, అదే ఆవిడకి పడవకంటే కష్టం. ఇప్పుడు ఆవిడ బుట్టలోంచి ఒక మూట తీస్తుంది. అందులో మా ఇంటి తబువా ఉంది, మా మావగారి తాతల నాటి తిమింగలం పన్ను. పిల్లనడగడానికి, క్షమాపణ అడగడానికి మగవాళ్ళు మాత్రమే చేతిలో పెట్టేది. ఆడది తీసుకెళ్ళడమేమిటని ఇక్కడ పెద్దగొడవ జరిగింది. నీ అల్లుడే గోడమీంచి దించి తల్లి చేతికిచ్చాడు. దాంతో ఆవిడ అడగబోయేది నిన్నే. నువ్వు దాన్ని చేత్తో తాకితే మాట ఇచ్చినట్టే, సామాను సర్దుకుని అదే పడవలో రావాలి. తాకకపోతే ఆవిడ నీ గుమ్మంలోంచి లేవదు, ఆవిడ సంగతి నీకు ఇంకా తెలీదు.

నీకోసం నా ఆపరేషన్ ఆపను, ముందే చెబుతున్నాను. నువ్వు సూవా రేవులో దిగేసరికి నాది అయిపోయి ఉంటుంది. నర్సు వసితి నిన్ను లోపలికి తీసుకెళ్తుంది, పేరు రాయించేశాను. నీ చేత్తో నువ్వు చూసుకోలేని చోటుకి ఇంకొకరి చెయ్యి కావాలి అమ్మా, అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రమాణం తప్పినందుకు, చెప్పొద్దన్నది ఊరికంతా చెప్పినందుకు, నీకు చెప్పకుండా నీ పేరు రాయించినందుకు నన్ను తిట్టాలని ఉంటుంది. ఉత్తరంలో తిట్టకు, అవి నేను చదవను. వచ్చి నా మంచం పక్కన కూర్చుని తిట్టు. వినడానికి నేను ఉంటాను. తిట్టడానికి నువ్వు ఉండాలి.

ఇట్లు,
నీ మాట వినని పెద్దకూతురు
ఉలామిలా